తడి చేత్తో కలిపిన ఆవకాయ

కొత్త ఆవపిండి ఘాటు ముక్కుకు తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది మామిడికాయ కాదు, నూనె మిల్లు. ఈ ఉదయం మా కోడలు నూనె ప్యాకెట్టు కత్తిరించి బేసిన్‌లో ఒంపుతుంటే, ఈ నూనెకు వాసనే లేదేమిటా అనుకున్నాను. నా చిన్నతనంలో తిరువూరు బజారుకు నడిచి వెళ్తుంటే, మలుపు ఇంకా తిరగకముందే వేడెక్కిన నువ్వుల వాసన, తెలకపిండి వాసన, గోనెసంచుల దుమ్ము వాసన కలగలిసి ఎదురొచ్చి, రాఘవయ్యగారి మిల్లు దగ్గరకొచ్చేశామని చెప్పేవి. మిల్లు గేటు మీద పెద్ద బోర్డు ఉండేది. చదవడం రాని మాకు ఆ వాసనే బోర్డు.

రాఘవయ్యగారు పొట్టి మనిషి, నెమ్మదైన మాట, తెల్లచొక్కా మోచేతుల దగ్గర ఎప్పుడూ వదలని నూనె మరకలు. పొద్దున్నే వాళ్లమ్మకు కాఫీ గ్లాసు అందించి, ఆవిడ చివరి గుక్క తాగేదాకా ఎదురుగా కూర్చుని, ఆ తర్వాతే మిల్లు తలుపులు తీయించేవారు. మధ్యాహ్నం తన పిల్లలూ తమ్ముళ్ల పిల్లలూ వచ్చి చాప మీద కూర్చుంటే గాని కంచం ముందుకు లాక్కునేవారు కాదు. మా పేటలో ఎవరికి నొప్పులొచ్చినా, సగం సరుకు ఎక్కించి ఉన్నా సరే, దించేసి మిల్లు బండిని ఆస్పత్రికి పంపేవారు. బడులు తెరిచే రోజుల్లో పిల్లలందరికీ పలకలు ఇచ్చేవారు. మా ఇంటికొచ్చిన పలక అన్నయ్య చేతికి వెళ్లింది, నా చంకలోకి తమ్ముడు వచ్చాడు. ఆడపిల్లలకు అప్పట్లో అంతే.

ఎండలు ముదిరాక మేమంతా తాటిముంజల బుర్రలకు పుల్లలు గుచ్చి బండ్లు చేసుకుని, కాళ్లు కాలుతున్నా మిల్లు గోడ నీడ వెంట దొర్లించుకుంటూ తిరిగేవాళ్లం. రెడ్డిగూడెం తోటల్లో కాయకోతకు వెళ్లిన మా వాళ్లు కూలితో పాటు దక్కిన పచ్చి మామిడికాయలు తట్టల్లో మోసుకొచ్చేవారు. అప్పుడొచ్చేది మిల్లు ఆవకాయ రోజు. ఆ రోజు నువ్వులు ఆడేవారు కాదు. ముంగిలంతా ఊడ్చి చాపలు పరిచి, కాయలు కొట్టే కత్తిపీటలు వేసి, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, మెంతులు మిల్లు తరఫునే ఇచ్చేవారు. మా పేట వాళ్లు కాయలు తెచ్చుకుంటే చాలు. అక్కడ కూలివాళ్లతో వడ్డన చేయించకూడదని ఆయన పట్టు. కొలిచి పోసేది ఆయన కొడుకులూ కోడళ్లూ. వేపచెట్టు కింద నులకమంచం మీద తెల్లచీరలో కూర్చునే వాళ్లమ్మను అందరం పెద్దమ్మగారనేవాళ్లం. ప్రతి బేసిన్‌లోంచీ ఒక ముక్క నోట్లో వేసుకుని, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పడం ఆవిడ పని. రుచి చూడడమే గాని ఏ బేసిన్‌లోనూ ఆవిడ చెయ్యి పెట్టగా చూడలేదు. అదెందుకో అడగాలని నాకు తోచేది కాదు.

ఒక ఏడు వేసవికి ముందే మా నాన్న జ్వరంతో పోయాడు. మా అమ్మ మరియమ్మ ఆ మిల్లులోనే నువ్వులు చెరిగేది. ఆవకాయ రోజున ముక్కలు కొట్టించుకుని, బేసిన్ చంకన పెట్టుకుని గోడవార నిలబడిపోయింది. మేము ఆదివారం గుడికెళ్లే వాళ్లమే అయినా, మొగుడు పోయిన ఏడు ఆడమనిషి ఊరగాయలో చెయ్యి పెట్టకూడదనే పట్టింపు మా పేటలోనూ ఉండేది. పక్కింటి సువార్తమ్మ దగ్గరకొచ్చి, "ఈ ఏడు నువ్వు చెయ్యి పెట్టమాకే మరియా, జాడీ నిలవదు. ఎవరిచేతన్నా కలిపించుకో," అని చెప్పి, తాను మాత్రం ఆగకుండా వెళ్లిపోయింది. కలుపుతానని ఎవరూ ముందుకు రాలేదు.

రాఘవయ్యగారు చూశారు. "ఏం మరియమ్మా, అట్టా నుంచున్నావ్?"

"ఏం లేదండయ్యా."

ఆయనకు అర్థమైనట్టుంది. కుళాయి దగ్గరకెళ్లి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చి, పంచె ఎగ్గట్టి చాప మీద కూర్చున్నారు. "ఇట్టా తే. నేను కలుపుతా."

జీవితంలో ఎప్పుడూ ఊరగాయ కలిపి ఎరగని మనిషి. చేతుల మీంచి నీళ్లు కారుతుండగానే నూనెలోకీ కారంలోకీ రెండు చేతులూ దించి, పిల్లవాడిలా సంబరంగా కలపడం మొదలుపెట్టారు. ఆవకాయకు చుక్క తడి తగిలినా బూజు పడుతుందని నా ఈడు పిల్లలకు కూడా తెలుసు. ఆ జాడీ మాకు ఏడాది కూర. పొద్దున చద్దన్నంలో, చేలోకి కట్టుకెళ్లే మూటలో, వాన పట్టి పని లేని రోజుల్లో అదే. నోరు మూసుకుంటే అది పోతుంది. నోరు తెరిస్తే, మా కోసం నేల మీద కూర్చున్న ఒకే ఒక్క మనిషిని నలుగురిలో తప్పుపట్టినట్టవుతుంది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. నొప్పి పుట్టింది గాని నేను కదల్లేదు.

"అయ్యా," అంది చివరికి. "చేతులు తడిగా ఉన్నాయండి."

ఆయన చేతులు పైకెత్తి చూసుకున్నారు. కారం, నూనె, వాటి మీద నీటి బొట్లు. ముఖం కూడా కారం రంగులోకి తిరిగింది. మంచం మీంచి పెద్దమ్మగారు నవ్వడం మొదలుపెట్టింది. "ఇంత మిల్లు నడుపుతున్నావు, నూనెకీ నీళ్లకీ పడదని తెలీదంట్రా అబ్బాయ్?"

"ఎంత పని చేశానమ్మా," అన్నారాయన. "ఇది మనింటికి పెట్టుకుందాం. మన ఆవకాయలోంచి మరియమ్మకిచ్చేద్దాం."

"మనది ఇంకా కలపలేదుగా?" అని ఆవిడ మా అమ్మ వైపు తిరిగింది. "మరియమ్మా, మా ముక్కలు నువ్వే కలుపు. నీ వాటా నువ్వు తీసుకో, మిగిలింది మా జాడీలో పెట్టు."

మా పేట ఆడమనిషి ఆ ఇంటి జాడీలో చెయ్యి పెట్టడం అప్పటిదాకా ఎవరూ చూసింది కాదు, అందులోనూ అప్పుడే భర్త పోయిన మనిషి. కోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నేనా, పెద్దమ్మగారూ?" అంది అమ్మ.

"నీ చెయ్యి పొడిగానే ఉందిగా? మా ఆయన పోయిన ఏడు నన్నూ ఇట్టాగే గోడవార నిలబెట్టారు. నేను నోరు మూసుకున్నా. ఉప్పు చూసుకుంటా ఈ మంచం మీదే ఉండిపోయా. నువ్వు నోరు తెరిచావు. కలుపు."

పెద్దబేసిన్ మోసుకొచ్చి అమ్మ ముందు పెట్టింది రాఘవయ్యగారే. అమ్మ పమిట చెంగుతో చేతులు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది, అప్పుడు పెట్టింది. కలిపాక పెద్దమ్మగారు ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, "సరిపోయింది," అంది.

తడి ఆవకాయను ఆయన ఇంట్లో ఇంకెవరినీ తిననివ్వలేదట. ఎవరు కలిపింది వాళ్లే తినాలని రోజూ తన కంచంలోకి అదే వేయించుకునేవారట. మనవలు బూజు తాతయ్య అని ఏడిపిస్తే మీసాల్లో నవ్వుకునేవారట. అమ్మ కలిపింది మాత్రం మా ఇంట్లోనూ వాళ్లింట్లోనూ మళ్లీ కాయలు వచ్చేదాకా ఎర్రగానే ఉంది. ఆ తర్వాత ఆవకాయ రోజున గోడవార ఎవరైనా నిలబడితే, సువార్తమ్మే చెయ్యి పట్టుకుని చాప మీదికి లాక్కొచ్చేది.

ఇప్పుడు మిల్లు లేదు. వేపచెట్టు ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. మనవరాలి పక్కన కూర్చుని ఈ వయసులో అక్షరాలు నేర్చుకున్నాక, బజారుకెళ్లినప్పుడల్లా ఆ వరసలో బోర్డులన్నీ కూడబలుక్కుంటూ చదువుతాను. మిల్లు బోర్డు మీద రాఘవయ్యగారి పేరుండేదని కొందరంటారు, కాదు వాళ్లమ్మ పేరని కొందరు. అంతకాలం దాని కిందుగానే నడిచాను గాని, నాకు తెలిసే దారి లేదు.

మా ఆయన పోయాక మా ఇంట్లో ఇదే మొదటి ఆవకాయ. కోడలు నూనె ఒంపడం అయిపోయి, నా మొహంలోకి చూడకుండా, "అత్తయ్యా, మీరు కలుపుతారా, నన్ను కలపమంటారా?" అని అడిగింది.

"నా చెయ్యి పొడిగానే ఉందమ్మా," అని బేసిన్ నా ముందుకు లాక్కున్నాను.