పక్కా గుడ్లు

బాన్సువాడ బస్టాండు వెనక గల్లీలో మా ఇంటికీ అజీమున్నీసా ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఆ గోడ మీది నుంచి ఆమె వంటల వాసన వచ్చేది, తిట్లూ వచ్చేవి. డెబ్బై నాలుగో సంవత్సరంలో మాత్రం ఒక నెలపాటు రెండూ రాలేదు. ఆ నెల సంగతే ఇది.

ఆమె పని గుడ్లు పొదిగించడం. ఇంట్లో గుడ్లుండి పొదిగే కోడి లేనివాళ్లు ఆమె దగ్గరికి తెచ్చేవాళ్లు. పుట్టిన పిల్లల్లో సగం ఆమెవి. 'అజీమున్నీసా చేత్తో పెట్టిన గుడ్డు మురగదు' అని బీర్కూర్ దాకా పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఎన్నడైనా ఒక గుడ్డు మురిగితే అది కోడి తప్పే!

భర్త బద్రుద్దీన్ కచేరీ ముందర కూర్చుని ఉర్దూలో అర్జీలు, ఉత్తరాలు రాసేవాడు. రాత ముత్యాలే, కాదనను. కానీ అక్షరాల మీద పెట్టే చిన్న చిన్న గుర్తులు పెట్టడం ఆయనకు నామోషీ. "సదువుకున్నోళ్లకు అవి అక్కర లేదు" అనేవాడు.

ఆ ఏడు ఊరంతా తెల్లకోళ్ల మాటే. ఏడాది పొడుగునా గుడ్లు పెడతాయట. అజీమున్నీసా తమ్ముడు కాసిం హైదరాబాదులో ఒక కోళ్ల షెడ్డులో పనిచేసేవాడు. అక్క మాటకు ఎదురడగడం వాడి నెత్తురులోనే లేదు. వాడికి ఉత్తరం రాయించింది. పదమూడు గుడ్లు, బస్సులో పలగకుండా గట్టిగా కట్టి పంపమని. గోడవతల నుంచి నేను విన్నాను, ఆమె అన్నది ఇదే: "అండే పక్కా కర్ కే భేజో!"

కోడి కావాలి కదా. తండా నుంచి మోతీబాయి తన పొదుగు కోడిని గంపలో తెచ్చి అప్పగించింది. ఆమెకున్నది ఆ ఒక్క కోడే. "సగం పిల్లలు నాకియ్యాలె అక్కా" అన్నది. "సగమేంది, ఏడు తీస్కో పో!" అన్నది ఈవిడ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

బుట్ట దిగింది. ఊకలో పదమూడు గుడ్లు, ఒక్కదానికీ గీత కూడా పడలేదు. పక్కనే చిన్న పొట్లంలో ఉప్పూ మిరియాల పొడీ. "సూసినవా, దిష్టి తియ్యనీకి ఉప్పు గూడ పంపిండు నా తమ్ముడు!" అని గుడ్ల చుట్టూ ముమ్మారు తిప్పి పొయ్యిలో వేసింది. ఉప్పుతో బాటు మిరియాలెందుకురా అని నాకు అప్పుడే అనుమానం. అడిగితే తిడుతుందని నోరు మూసుకున్నాను.

ఒకరోజు ఆగి, జుమ్మా నమాజు అయ్యాక కోడి కింద పెట్టింది. ఏడో రోజున తలుపు మూసి బ్యాటరీ లైటు పట్టి చూసింది. మామూలుగా ఆ వేళకు లోపల సన్నటి నెత్తుటి దారాలు కనబడాలి. ఇవి లైటునే రానివ్వలేదు, నిండా గట్టిగా ఉన్నాయి. "ఏడు దినాలకే నిండినయి! విలాయతి జాతి, పెరుగుడు ఎక్కువ!" అని గల్లీ గల్లీకి చెప్పి వచ్చింది.

ఇరవై ఒకటో రోజు గడిచింది. ఇరవై రెండు, ఇరవై మూడు. కోడి తిండి మాని ఎండిపోయింది గాని లేవలేదు. ఇరవై నాలుగో రోజు మోతీబాయి పిల్లల కోసం గంప పట్టుకుని వచ్చింది. గల్లీ ఆడవాళ్లంతా చూడ్డానికి చేరారు. మోతీబాయి ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకోబోతే చెయ్యి జారింది. గుడ్డు పగిలింది, కానీ ఏమీ కారలేదు. పెంకు ఊడి తెల్లటి ముద్ద దొర్లింది. ఆ కంపుకు అందరం కొంగులు ముక్కుకు పెట్టుకున్నాం.

"అక్కా, ఇది ఉడకవెట్టిన గుడ్డు!" అన్నది మోతీబాయి.

ఇదేం పనిరా అని రాయిస్తే కాసిం జవాబు నాలుగు రోజులకు వచ్చింది. 'ఆపా, పకాకర్ పంపమని నువ్వే రాస్తివి. బాన్సువాడల పొయ్యిలు లేవా అనుకున్న. నువ్వు రాసినంక అడిగేదేముంది? నంచుకోనీకి ఉప్పు గూడ పెట్టిన.' ఉర్దూలో పక్కాకూ పకాకూ ఒకటే రాత. ఒకటి గట్టిగా, ఒకటి ఉడికించి. తేడా అంతా మీద పెట్టే ఆ చిన్న గుర్తులోనే ఉంది. బద్రుద్దీన్ పెట్టనిది అదే.

ఈ ఉత్తరం బయటపడితే ఆయనతో అర్జీ రాయించేవాళ్లు ఉండరు. అందుకే అడిగిన ప్రతివాళ్లకూ అజీమున్నీసా "నాదే తప్పు, నేనే ఉల్టా చెప్పిన" అన్నది. నా ఒళ్లు మండిపోయింది. ఊరు ఊరంతా నవ్వింది. ఎవరూ గుడ్లు తేలేదు. ఆమె పొయ్యి కూడా వెలిగీ వెలగనట్టే ఉండేది. 'ఇగ ఈ పని జెయ్య' అని బుట్టలన్నీ అటక మీద పడేసింది.

నెల తిరిగేసరికి మోతీబాయి అదే కోడిని పట్టుకుని వచ్చింది.

"మల్ల పొదుగుకొచ్చింది. పెట్టు" అన్నది.

"నా చేతిల ఏం లేదు బిడ్డా. పో."

"ఉడకవెట్టిన గుడ్ల మీద ఇరవై నాలుగు దినాలు కూసున్నది నా కోడి. గదే నిన్ను ఇడువలే. నేనిడుస్తనా?"

అజీమున్నీసా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత భర్తను కేకేసి ఉత్తరం రాయించింది. ఈసారి ఆయన ఆ గుర్తును ఎంత ఒత్తి పెట్టాడంటే కాగితం చిరిగింది.

బుట్ట వచ్చిన రోజు ముగ్గురం బస్టాండుకు పోయాం. కండక్టరు దించుతూనే మొహం మాడ్చుకున్నాడు. "నాలుగు పలిగినయమ్మా, నన్నేమనకు" అన్నాడు. బుట్ట అడుగు నుంచి పచ్చసొన కారి ఆయన చొక్కా మీద పడింది. అజీమున్నీసా వేలితో తాకి చూసింది.

"పచ్చివే!" అని అరిచింది బస్టాండంతా వినబడేలా. "మోతీ, పచ్చివే!"

కండక్టరు చొక్కా ఉతికింది నేనే. మిగిలిన తొమ్మిదీ పిల్లలయ్యాయి.