నీలమ్మప్పకు ఆ రోజు జ్వరం ఉంది

నాలుగేళ్లుగా నా గుండెల మీద ఒక అంకె కూర్చుని ఉంది. దించుకుందామంటే ఎవరి ముందు దించాలో తెలియలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. చదువుతూ మధ్యలో లేచిపోకండి.

నేను పలాసలో డయాలసిస్ టెక్నీషియన్ని. కిడ్నీలు పాడై ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను మిషన్‌కు తగిలించి, నాలుగు గంటలు కనిపెట్టుకుని ఉండి, విప్పి పంపడం నా పని. గంటగంటకూ బీపీ, జ్వరం చూసి షీటులో రాయాలి. రాసిందే నిజం. మా దగ్గర మనిషి కంటే ముందు షీటునే చూస్తారు.

నీలమ్మ జీడిపప్పు కర్మాగారంలో జీడిపిక్కలు ఒలిచేది. నన్ను తమ్ముడూ అనేది, నేను అప్పా అనేవాణ్ణి; మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతి రక్తనాళాలు కలిపి చేసిన ఫిస్టులా ఇంకా పనికి రాలేదు. అందుకని మెడ దగ్గర పెట్టిన గొట్టంతోనే డయాలసిస్ చేసేవాళ్లం. గొట్టం ఉన్నవాళ్లకు జ్వరం వస్తే వెంటనే డాక్టరును పిలవాలి, రక్తం తీసి పరీక్షకు పంపాలి. నాకు తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు. కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం చెప్పేది నేనే.

ఆ శుక్రవారం చివరి షిఫ్టు. మిషన్ మీద ఉండగానే ఆమెకు వణుకు మొదలైంది. థర్మామీటర్ పెట్టాను. జ్వరం బాగా ఉంది. తరువాత గోడ గడియారం చూశాను. డాక్టరును పిలిస్తే, రక్తం తీస్తే, హరిశ్చంద్రపురం వెళ్లే నా పాసింజరు రైలు తప్పిపోతుంది. ఇంట్లో ఏదో పెద్ద పని ఉండి ఉంటుందని మీరు అనుకోవచ్చు. ఏమీ లేదు. ఇంటికెళ్లి కాళ్లు చాపుకుందామని, అంతే.

"తమ్ముడూ, సలేత్తంది. నడుం అయితే పేనం తోడేత్తంది. డాట్రుబాబుని ఓపాలి పిలువు," అంది.

"ఏటీ నేదప్పా. ఉద్దానంలో నడుం నొప్పి నేనోళ్లెవరు సెప్పు? పిక్కల కాడ కూకుని కూకుని పట్టేసుంటది. ఈ మాత్రలేసుకో, తగ్గిపోద్ది."

"అంతేనంటావా?"

"అంతే."

జ్వరం మాత్రల స్ట్రిప్పు చేతిలో పెట్టాను. వణుకు పక్క మంచాలవాళ్లకు కనబడకుండా మెడదాకా దుప్పటి కప్పాను. షీటులో జ్వరం గడిలో తొంభై ఎనిమిది పాయింట్ ఆరు అని రాశాను. రైలు దొరికింది. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది.

సోమవారం ఆమెను భర్త ఎత్తుకుని తెచ్చాడు. కాళ్లు నిలవడం లేదు. డాక్టరు చూసి విశాఖ పంపించారు. ఆ సాయంత్రం అక్కడి డాక్టరమ్మ ఫోన్ చేసి, శుక్రవారం జ్వరం గానీ చలి గానీ వచ్చాయా అని అడిగారు. తప్పు దిద్దుకోవడానికి అంతకంటే మంచి అవకాశం ఎవరిస్తారు? నేనేం చేశాను? షీటు తెచ్చుకుని, నా అబద్ధాన్ని నేనే చదివి వినిపించాను. నార్మల్ మేడం అన్నాను.

నేనిచ్చిన మాత్రలు మింగుతూనే ఉంది కాబట్టి అక్కడా జ్వరం బయటపడలేదు. కాళ్లు నిలవకపోవడానికి రక్తంలో పొటాషియం తేడా ఏమో, వెన్నులో డిస్కు జారిందేమో అని చూశారు. రెండు రోజుల తరువాత ఎమ్మారై తీస్తే, వెన్నెముక లోపల వెన్నుపామును నొక్కుతూ చీము. గొట్టం ద్వారా రక్తంలోకి దిగిన క్రిమి అక్కడ చేరింది. ఆపరేషన్ చేసి చీము తీశారు. వారాల తరబడి యాంటీబయాటిక్ ఎక్కించారు. ప్రాణం దక్కింది. కాళ్లు మాత్రం తిరిగి రాలేదు. కాళ్లు పడిపోకముందే చీము తీసి ఉంటే నడిచే అవకాశం బాగా ఉండేదని ఆ డాక్టరమ్మే తరువాత మాతో అన్నారు. ఆ మాట విన్నప్పుడు నేను తల ఊపాను, పరాయివాడి తప్పు గురించి విన్నట్టు.

ఇప్పటికీ వారానికి మూడుసార్లు ఆమెను మిషన్‌కు తగిలించేది నేనే. కొత్తగా వచ్చినవాళ్లకు నన్ను చూపించి, "ఆ దినం సలికి సచ్చిపోతంటే మెడదాకా దుప్పటి కప్పినాడు, మా తమ్ముడు," అంటుంది. ఆ దుప్పటి ఎందుకు కప్పానో నాకొక్కడికే తెలుసు.

మరి ఎందుకు చెప్పలేదు? మొదట్లో ఉద్యోగం పోతుందని భయం. ఆ తరువాత, తెలిస్తే ఆమె ఇంకా కుమిలిపోతుంది, ఆమె మంచికే దాస్తున్నానని కొన్నాళ్లు నన్ను నేను మభ్యపెట్టుకున్నాను, ఎంత హాయిగా నమ్మానో ఆ మాటని. అదీ కాదు. అసలు సంగతి ఇది: ఆమె నన్ను తమ్ముడూ అని పిలవడం మానేస్తే నేను తట్టుకోలేను. ఆమె కాళ్లు పోగొట్టినవాడికి ఆమె పిలుపు కూడా కావాలట. సిగ్గేస్తోంది.

క్షమించమని అడగను. మీరు క్షమించినా ఆ కాళ్లు కదలవు. ఆమెకు ఎప్పటికైనా చెబుతానని మాట కూడా ఇవ్వను, నా మాట ఎంతటిదో చూశారు కదా. ఆ షీటు ఏ బీరువాలో ఉందో తెలుసు. దాన్ని ముట్టుకోను. కానీ ఆ గడిలో ఉండవలసిన అంకెను ఇన్నేళ్లలో ఒక్కసారి పైకి కూడా అనలేదు. ఇక్కడ రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

నీలమ్మ. శుక్రవారం, చివరి షిఫ్టు. జ్వరం నూట రెండు పాయింట్ నాలుగు.