బతికున్నవాడి గోధుమలు

కేరాకి గోధుమలు ఉడికించడం తప్ప ఇంకే గొప్పా లేదనేవారు. బాల్కన్ కొండల్లోని ఆ ఊళ్లో ఎవరు పోయినా చర్చిలో పంచే గోధుమలు ఆమే ఉడికించాలి. గింజ చిట్లకూడదు, అడుగంటకూడదు. పైన అక్రోటు పొడి, చక్కెర. తిన్నవాళ్లు పోయినవాణ్ణి దేవుడు క్షమించాలని ఒక మాట అనాలి. బతికున్నవాడి పేరున ఆ గోధుమలు పొయ్యెక్కితే ఏడాది తిరక్కుండా పోతాడని అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

ఆమె అన్న రదోయ్, దేశాన్నేలే సుల్తాను మీద తిరగబడి, కుర్రాళ్లను వెంటేసుకుని కొండలెక్కినవాడు. ఆ వేసవిలో తొడలో తూటా దిగి, ఊరి పైన గొర్రెల దొడ్డిలో దాక్కున్నాడు. ఆ సంగతి కేరాకి ఒక్కదానికే తెలుసు. అతను పోయాడనే ఊరంతా నమ్మింది. అతన్ని వెతుక్కుంటూ వచ్చిన సుల్తాను సిపాయిల నాయకుడు మాత్రం నమ్మలేదు. ప్లోవ్‌దివ్ పట్నంలో, ఈ ఊరివాళ్లలాంటి బల్గారుల పక్కింట్లో పెరిగిన ఆ మనిషికి వీళ్ల ఆచారాలు కొట్టిన పిండి. పోయినవాడికి చెల్లెలు గోధుమలెందుకు పెట్టలేదని అడిగాడు. రేపటి నుంచి దొడ్లన్నీ వెతికిస్తాననీ, రదోయ్ దొరికితే ఊరు తగలబెడతాననీ చెప్పాడు.

కేరా రొట్టె, జున్ను పట్టుకుని దొడ్డికి వెళ్లి, గోధుమలు పెడతానని అన్నకి చెప్పింది. తుపాకులకి ఎదురెళ్లిన మనిషి ముఖం పాలిపోయింది.

"వద్దే చెల్లీ. తూటా అయితే తప్పినా తప్పుతుంది. ఇది తప్పదు."

"వాళ్లకి దొరికితే మాత్రం బతుకుతావా? నోరు మూసుకుని పడుకో అన్నాయ్. చావొస్తే ఉడికించింది నేనని చెప్తాలే. నన్నే తీసుకుపొమ్మంటా."

నవ్వుతూ అన్నా, ఆ మాట ఆమె నిజంగానే అంది. చర్చిలో పాద్రీ రదోయ్ పేరు చదివినప్పుడల్లా మనసులో తన పేరు చెప్పుకుని ఏడ్చింది. నాయకుడు దోసిట్లో పెట్టించుకుని తిన్నాడు, ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు. ఆ ఏడుపులో నటన కనిపించలేదు, లేదు గనక. ఆ సాయంత్రమే సిపాయిలు కొండ దిగిపోయారు.

రదోయ్ డాన్యూబు నది దాటి, సుల్తాను చేతికందకుండా బతికిపోయాడు. కబురు తెలిశాక ఊరు సంబరపడింది, అతని మీద పాటలు కట్టింది. కేరాని మాత్రం దూరం పెట్టింది. బతికున్న తోబుట్టువుకి గోధుమలు పెట్టిన చేయి తమ చావులకి పనికిరాదన్నారు. వాళ్ల ఇళ్లు నిలబెట్టింది ఆ చేయే కదా! తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆమె మాత్రం ఎవరినీ ఒక్క మాట అనలేదు. మొక్కజొన్న చేలో పని చేసుకుంటూ, ఎవరైనా పోతే ఇంట్లోనే కొవ్వొత్తి వెలిగించుకునేది.

సుల్తాను పాలన పోయాక రదోయ్ గుర్రమెక్కి వచ్చాడు. ఊరు గొర్రెలు కోసి, బల్లలు పరిచి, వైను పీపాలు తెరిచింది. చెల్లెలి సంగతి దారిలోనే విన్నాడేమో, అతను బల్ల దగ్గర కూర్చోలేదు. నేరుగా ఆమె గుమ్మంలోకి వెళ్లి, అందరూ వినేలా అడిగాడు.

"నా గోధుమలు ఊరంతా తిన్నారు, నేను తప్ప. ఉడికించి పెట్టవే."

"బుద్ధుందా అన్నాయ్? ఒకసారి గట్టెక్కింది చాలదా?"

"నాకూ భయమే. అయినా పెట్టు."

కేరా ఉడికించింది. రదోయ్ గిన్నె పట్టుకుని ఊరి మధ్యకి వచ్చి నిలబడ్డాడు. దేవుడు నన్ను క్షమించాలని గట్టిగా అని, గిన్నె ఖాళీ చేశాడు.

మర్నాడు పొద్దున్నే పక్కింటి త్సోనా, ఈమధ్యే భర్త పోయిన ఆవిడ, గోధుమల సంచీతో కేరా వాకిట్లో నిలబడింది.

"గురువారానికి మా ఆయన పోయి నలభయ్యో రోజు, చర్చిలో గోధుమలు పంచాలి. నువ్వే ఉడికించాలే, తల్లీ."

కేరా రెండు చేతులూ చాచి సంచీ అందుకుంది.