ముప్పై రెండో నంబరు హాజరు

నాకు జబ్బు చింతపండు వాసన పోవడంతో మొదలైంది.

హిందూపురంలో మాది చింతపండు మండీ. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ పులుపు వాసన నా చీరల్లో, నా జుట్టులో, ఆఖరికి పిల్లల పుస్తకాల్లో కూడా ఉండేది. ఆ రోజు పొద్దున గోదాములోకి వెళ్లి బస్తాల మధ్య నిలబడితే ఏమీ తగల్లేదు. కాస్త చింతపండు తుంచి ముక్కుకు ఆనించుకున్నాను. అయినా ఏమీ లేదు. సెకండ్ వేవ్ నడుస్తున్న రోజులు, ఇదేమిటో తెలియక కాదు. అయినా మా ఆయనతో పడిశం పట్టిందని చెప్పి ఇంటికొచ్చి పైగదిలో పడుకున్నాను. దాచడం అక్కడే మొదలైంది.

నా జబ్బు గురించి చెప్పాలంటే ముందు మా గ్రూపు గురించి చెప్పాలి. మొదటి లాక్‌డౌన్‌లో మా బాలికల హైస్కూలు పదో తరగతి వాళ్లం నలభై మందిమి వాట్సాప్‌లో కలిశాం. అందరం యాభై దాటినవాళ్లమే. మొదట్లో రోజూ పూల బొమ్మల గుడ్ మార్నింగులే. ఆ పూలతో విసిగిపోయి, అప్పటి మా క్లాస్ లీడర్ పద్మావతి ఒక పద్ధతి పెట్టింది. పొద్దున ఏడున్నరకు ఆమె 'అటెండెన్స్' అని పెడుతుంది. ఎవరి రోల్ నంబరు వాళ్లు వేయాలి. పదింటికి నంబరు పడకపోతే ఫోను. ఫోను ఎత్తకపోతే ఆ ఊళ్లో ఉన్న ఎవరో ఒకరు వాళ్లింటి గేటు దగ్గరకెళ్లి కేకేయాలి. పద్మావతికి పెనుకొండలో మెడికల్ షాపు ఉంది. కౌంటరు మీద ఒక నోటు పుస్తకం పెట్టుకుని, గళ్లు గీసి, రోజూ టిక్కులు పెట్టేది. మేం నవ్వేవాళ్లం, దీనికి ఇంకా లీడరు బుద్ధి పోలేదని. కానీ తొమ్మిదో నంబరు శకుంతల ఒకరోజు పలక్కపోతే, నేనే వాళ్ల గేటు దగ్గరకెళ్లి అరిచి అరిచి పక్కింటివాళ్లతో తలుపు తీయించాను. షుగర్ పడిపోయి వంటింట్లో పడి ఉంది. ఇప్పుడు నిక్షేపంగా ఉంది. ఆ రోజు నుంచి ఎవరూ నవ్వలేదు.

నాది ముప్పై ఒకటి. ముప్పై రెండు నాగవేణిది. మా స్కూల్లో చేరిన వరసలో నంబర్లు ఇచ్చేవారు. మేమిద్దరం ఒకేరోజు చేరాం, ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఆమె పెనుకొండ పక్క పల్లె నుంచి ప్యాసింజరు బండిలో వచ్చేది. బండి వారంలో మూడు రోజులు లేటు. టీచరమ్మ తలెత్తకుండా నంబర్లు పిలిచేది. ముప్పై ఒకటికి నా గొంతు, ముప్పై రెండుకు కాస్త సన్నం చేసిన నా గొంతే. రెండో పీరియడుకు నాగవేణి వెనక తలుపు నుంచి దూరి, ఉడకబెట్టిన బుడ్డలు దోసెడు నా ఒళ్లో పోసేది. అంత వేరుశెనగ మళ్లీ జన్మలో తినలేదు నేను. పెళ్లయ్యాక ఆమె ధర్మవరం వెళ్లింది. ఇంట్లోనే ఆరు మగ్గాలు, నేసేవాళ్లు బయటినుంచి వచ్చేవారు.

నాకు వాసన పోయిన మర్నాడే ఆమె ఫోను చేసింది.

"ఏమే విజయా, గొంతు గరగరమంటాండాది. ఒళ్లు గూడా కాల్తాండాది. నా నంబరు గూడా నువ్వే ఏసెయ్యే. ఆ పద్మకు తెలిస్తే అంబులెన్సు తీసుకొని వీధిలోకొస్తాది. ఆ తర్వాత మగ్గం కాడికి నేసేవాళ్లు ఒక్కరూ రారు."

నాకూ అట్లే ఉండాదని చెప్పాను. ఆమె నవ్వింది, నవ్వులోనే దగ్గింది.

"ఐతే ఇద్దరికీ బండి లేటయిందనుకో."

ఒకరి నంబరు ఇంకొకరు వేయడం మా గ్రూపులో తప్పేమీ కాదు. రీచార్జి అయిపోయినవాళ్లవి, ఫోను మనవళ్ల క్లాసులకు ఇచ్చినవాళ్లవి వేరేవాళ్లు వేసేవారు. కాబట్టి మర్నాడు ఏడున్నరకు నేను '31, 32' అని కొట్టాను. పద్మావతి రెండు టిక్కులు పెట్టుకుంది.

మూడో రోజు ఆర్‌టీపీసీఆర్‌కు ఇచ్చాను, పాజిటివ్. నాలుగో రోజు ఆక్సీమీటరు తొంభై నాలుగు చూపించింది. వేలు సరిగ్గా పెట్టలేదేమోనని వేలు మార్చాను. వేళ్లన్నీ అయిపోయాయి కానీ అంకె మారలేదు. ఐదో రోజు మెట్లు దిగలేక మధ్యలో కూర్చుండిపోయాను. అప్పుడు మా ఆయన నన్ను తిట్టుకుంటూనే ఎత్తుకున్నంత పని చేసి కారెక్కించాడు. సీటీ తీశారు. స్కోర్ పదమూడు అన్నారు. ఎంతకి పదమూడు అని అడిగాను. ఇరవై అయిదుకి అన్నారు. సగం పాసయ్యానా ఫెయిలయ్యానా అని అడగబోయి, ఆ డాక్టరు కళ్లు చూసి నోరు మూసుకున్నాను.

ఆయన కుర్ర డాక్టరు. కళ్లు తప్ప ఏమీ కనబడని డ్రెస్సు. "అమ్మా, గట్టిగా ఊపిరి తీసుకుని, ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి" అన్నాడు. తొమ్మిది దాకా వచ్చాను. పదిని నోటితో అన్నాను కానీ శబ్దం రాలేదు. వెంటనే అడ్మిట్ చేశారు.

వార్డులో ఆక్సిజన్, స్టెరాయిడ్, బొడ్డు పక్కన ఇంజెక్షన్లు. బోర్లా పడుకోమనేవారు. సిస్టరు ప్రతి మంచం దగ్గరా "ప్రోన్, ప్రోన్" అంటూ తిరిగేది. స్టెరాయిడ్‌కు షుగర్ నాలుగు వందలు దాటింది. ఎన్నడూ లేని షుగర్ అప్పుడే అంటుకుంది. తగ్గుతోంది అనుకున్న రెండో రోజు సాచురేషన్ మళ్లీ పడిపోయి, సంచి ఉన్న పెద్ద మాస్కు పెట్టారు. పక్క మంచం ఖాళీ అయింది, నిండింది, మళ్లీ ఖాళీ అయింది. నాకు చాలా భయమేసింది. ఆ భయంలో నాకు తెలిసిన పని ఒక్కటే మిగిలింది. ఏడున్నరకు ఫోను వణికేది, బోర్లా పడుకునే '31, 32' కొట్టేదాన్ని. నేను వార్డులో ఉన్న సంగతి గ్రూపులో చెప్పలేదు. నాగవేణికి ఫోను చేయనూ లేదు. మాస్కుతో మాట్లాడలేను కదా అనుకున్నాను. ఆమెకు ఒట్టి గొంతు గరగరే కదా అని కూడా అనుకున్నాను. ఆమె నంబరు రోజూ పడుతోంది, ఆమె బాగానే ఉంది. వేస్తున్నది నేనేనన్న సంగతి ఎట్లా మరిచిపోయానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఒక రోజు సాయంత్రం నాలుగింటికి పద్మావతి మెసేజ్ వచ్చింది. మన నాగవేణి ఇక లేదు, నిన్న సాయంత్రం ధర్మవరంలో పోయింది, హాస్పిటల్‌కు తీసుకుపోయేటప్పటికే లేటయిందంట అని. వేలితో స్క్రీను పైకి జరిపితే ఆ పొద్దుటి హాజరు కనబడింది. అందులో నా మెసేజ్ ఉంది. '31, 32.'

పోయిన మనిషికి ప్రెజెంట్ చెప్పాను నేను.

గ్రూపులో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నా మెసేజ్ గురించి ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. నేను ఫోను పట్టుకుని, నా మెసేజ్ మీద వేలు నొక్కి పట్టి, ఎవరెవరు చదివారో చూశాను. ఆ పొద్దుటి దాన్ని నాగవేణి చదవలేదు. ముందు రోజుది చదివింది, ఏడూ నలభై ఒకటికి. అంటే పోయిన రోజు పొద్దున ఆమె తన నంబరు చూసుకుంది. చూసి ఏమనుకుంది? హమ్మయ్య, ఎవరూ రారు అనుకుందా? ఎవరైనా వస్తే బాగుండు అనుకుందా? ఆ నలభై ఒకటి అనే అంకె నన్ను ఇప్పటికీ వదలదు.

పధ్నాలుగు రోజులకు డిశ్చార్జ్ చేశారు. మూడు బంతుల స్పైరోమీటరు ఇచ్చి, రోజూ గాలి పీల్చి బంతులు పైకి లేపమ్మా, రోజూ ఒక్క గుక్కలో లెక్కపెట్టమ్మా అన్నారు. పదకొండు, పధ్నాలుగు, పదిహేడు. జుట్టు దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. వాసన తిరిగి వచ్చింది కానీ వంకరగా వచ్చింది, చింతపండు కాలిన రబ్బరు కంపు కొట్టేది. అవన్నీ నెమ్మదిగా సర్దుకున్నాయి. సర్దుకోనిది ఒకటే. పొద్దున ఏడున్నరకు ఫోను వణికితే ఛాతీ బిగిసేది, గాలి అందేది కాదు. 31 కొట్టగానే పైన 32 అని ఫోను దానంతటదే చూపించేది. అన్నిసార్లు కొట్టాను కదా, నేర్చుకుంది. ఒకరోజు ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. పిచ్చి పట్టిందేమే అని మా ఆయన బెంబేలెత్తాడు.

రెండుసార్లు ఎక్స్‌రే, ఒకసారి ఊపిరి ఊదించి చూసే పీఎఫ్‌టీ. "లంగ్స్ క్లియర్" అన్నారు. అనంతపురంలో చూసిన ఛాతీ డాక్టరమ్మ మాత్రం రిపోర్టులు పక్కన పెట్టి, సరిగ్గా ఏడున్నరకే ఎందుకు వస్తోందని అడిగింది. నేను రిపోర్టులు మళ్లీ సంచిలో సర్దుకోబోయాను. "ఇది ఊపిరితిత్తుల్లో లేదమ్మా. నాకు చెప్పొద్దు, చెప్పాల్సిన వాళ్లకు చెప్పండి" అంది. మందులేమీ రాయలేదు.

పెనుకొండ వెళ్లాను. పద్మావతి షాపు వెనక గదిలో స్టూలు వేసి కూర్చోబెట్టింది. అంతా చెప్పాను. ఏడవకూడదని వెళ్లాను, కానీ ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. లేచి వెళ్లి నోటు పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసింది. ముప్పై రెండు ఎదురుగా, పోయిన మర్నాడు కూడా టిక్కు ఉంది.

"ఆ ముందర రోజు, అది పోయిన రోజే, పదకొండు గంటలకు నేను ధర్మవరంలోనే ఉండా" అంది పద్మావతి. "మందుల స్టాకు కోసం పోయినా. వాళ్ల వీధి ముందరే బండి పోనిచ్చినా. టిక్కు పడింది గదా, బాగానే ఉందిలే అని దిగలే. ఇంతవరకూ ఎవరికీ చెప్పలే నేను."

బయట ఎవరో దగ్గు మందు అడుగుతున్నా ఆమె లేవలేదు.

మరుసటి ఆదివారం ఇద్దరం ధర్మవరం వెళ్లాం. నాగవేణి భర్త రామాంజనేయులు మగ్గం గుంటలోంచి లేచి వచ్చి చాప వేశాడు. ఆరు మగ్గాల్లో రెండే ఆడుతున్నాయి. నేను చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపకుండా విన్నాడు. తిడతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, తిట్టాలని కోరుకున్నాను.

"ఆ పొద్దు నేను హాస్పిటల్‌కు పోదాం పద అంటినక్కా" అన్నాడు. "మాట మాటకూ ఆయాసపడతాండె. ఫోను నా ముఖం ముందర పెట్టి, చూడు, హాజరు పడిపోయింది, నేను బాగుండా అని నవ్వె. నేనూ నమ్మితి."

ఏడూ నలభై ఒకటికి ఆమె ఏమనుకుందో నాకు అలా తెలిసింది. వచ్చేటప్పుడు ఆయన బుడ్డలు ఒక సంచిలో పోసి ఇచ్చాడు, ఆమె పుట్టింటి చేనివని. బస్సులో ఆ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను కానీ ఒక్కటీ తినలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అని పద్మావతి అంది. అయినా ఆకులు పట్టుకుందాం, ఇంకా ముప్పై తొమ్మిది మందిమి ఉన్నాం కదా అని కూడా తనే అంది.

ఆ వారమే జరిగినదంతా గ్రూపులో నా గొంతుతో చెప్పాను. ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. వాళ్లను నేను తప్పుపట్టను. శకుంతల ఫోను చేసి, "నా ఇంటికొచ్చి అరిచినదానివి, నాగవేణికెందుకు అరవలేదే" అని మాత్రం అంది.

ఇప్పుడు ఛాతీ బిగియడం తగ్గింది. పోలేదు, తగ్గింది. షుగర్‌కు మాత్ర వేసుకుంటున్నాను. చింతపండు మళ్లీ చింతపండులాగే ఉంది. గ్రూపులో హాజరు ఇంకా నడుస్తోంది, కానీ నంబర్లు కొట్టడం మానేశాం. ఎవరికి వాళ్లు గొంతుతో, ఒక్క గుక్కలో లెక్కపెట్టి వాయిస్ పెట్టాలి. నేను ఇది చదివేవాళ్లకు చెప్పగలిగింది కూడా అంతే. దూరంగా ఉన్న మీ మనిషి బాగున్నానని మెసేజ్ పెడితే నమ్మకండి. ఆ మనిషి తరఫున ఇంకొకరు చెబితే అసలే నమ్మకండి. ఫోను చేసి, ఒక్క గుక్కలో అంకెలు చెప్పించుకుని చెవులారా వినండి. మొన్నటిదాకా ముప్పై చెప్పిన మనిషి ఇవాళ పదిహేను దగ్గర ఆగితే, వెంటనే డాక్టరు దగ్గరకు బయల్దేరదీయండి.

నేనూ రోజూ ఏడున్నరకు లెక్కపెడతాను. ముప్పై ఒకటి దగ్గర ఆపేస్తాను. ఊపిరి ఇంకా మిగిలే ఉంటుంది.