బడి ఇల్లు ఖాళీ చేసిన వేసవి

మా ఆయన పంతులు ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడు యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. కిరసనాయిలు దొరికేది కాదు. బస్సులు బొగ్గు కాల్చుకుంటూ, మూలుగుతూ నడిచేవి. మేమున్నది రెంటచింతల పక్కన ఒక చిన్న పల్లె. అక్కడ మా కతోలిక గుడి వాళ్ళు నడిపే బళ్ళో ఆయన పెద్ద పంతులు. బడి పక్కనే పంతులు కోసం కట్టిన ఇల్లు. కాపురానికి వచ్చింది ఆ ఇంటికే. పిల్లలిద్దరినీ అక్కడే కని, పెంచి, పెళ్ళిళ్ళు చేసి పంపాను. ఇల్లు మాది కాదని నాకు తెలుసు. తెలిసి ఉండటం వేరు, బడి తెరిచేలోగా ఖాళీ చెయ్యాలన్న మాట చెవిన పడటం వేరు.

ఆ మాటలో తప్పేమీ లేదు. కొత్త పంతులు వస్తాడు, ఆయనకూ పెళ్ళాం బిడ్డలుంటారు. నా కోపం కబురు పంపిన గుడి స్వాములవారి మీద కాదు, మా ఆయన మీద. ఆ సంగతి ఆయనకు క్రిస్మస్ నాటికే తెలుసు. నాకు చెప్పింది ఎండలు ముదిరాక.

"ముందే చెబితే దిగులు పెట్టుకుంటావని," అన్నారు.

"ఇప్పుడు చెబితే పెట్టుకోనా?"

ఆయన కండువా దులుపుకొని బయటికి పోయారు.

ఎక్కడికి పోదామో నన్ను అడుగుతారనుకున్నాను. అదీ లేదు. ఒక రోజు రైలెక్కి నరసరావుపేట పోయి, ఇల్లు మాట్లాడుకొని వచ్చారు. అన్నానికి కూర్చున్నాక, పప్పు కలుపుకుంటూ చెప్పారు.

"పేటలో ఆస్పత్రి ఉంది. కోర్టులున్నాయి. పేపరు ఏ రోజుది ఆ రోజు పొద్దున్నే వస్తుంది."

"కోర్టుతో మనకేం పనండీ?"

"పని ఉందని కాదే. ఊరన్నాక ఉండాలి."

అసలు సంగతి పేపరు. మా పల్లెకు అది వచ్చేసరికి మర్నాటి సాయంత్రం అయ్యేది. సముద్రాల అవతల ఎవరు ఏ ఊరు పట్టుకున్నారో తనకు అందరికంటే ఆలస్యంగా తెలియడం ఆయనకు పెద్ద నామోషీగా ఉండేది.

"ఇల్లెట్టా ఉంది?"

"రెండు గదులు. గాలి బాగా వస్తుంది."

"దొడ్డి?"

"ఉందిలే. ఉమ్మడి దొడ్డి. ఇంటావిడ మంచి మనిషి."

"గేదెను కట్టేయడానికి చోటుందా?"

ఆయన మజ్జిగ పొయ్యమన్నారు. చోటు లేదని నాకు అప్పుడే అర్థమైంది.

పై ఆదివారం పూజ అయ్యాక ఆయన గుడి ముందు నిలబడి ఊరందరికీ చెప్పేశారు, మా ఇంట్లో సామాను చానా ఉంది, ఎవరికేం కావాలో వచ్చి తీసుకోండి అని. నేను ఆ రోజు ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉన్నాను. తలకు గుడ్డ కట్టుకొని పడుకుని ఉంటే వాకిట్లో అలికిడి వినిపించింది. లేచి చూద్దును కదా, నా తిరగలి ఒకామె నెత్తిన బయటికి పోతోంది.

"ఏందమ్మా అది? ఎవరిచ్చారు నీకు?"

"పంతులు గారేనమ్మా. మీకు పేటలో మర ఉందంటగా."

మర ఉంటే మాత్రం! నా కందులు నేను విసురుకుంటాను గానీ మర చుట్టూ తిరుగుతానా? కానీ ఆమెతో ఏం పోట్లాడను? ఆమె మొహం వెలిగిపోతోంది. ఆమె వెనకే ఒకరు ఊరగాయ జాడీలు, ఇంకొకరు నీళ్ళ కాగు, మరొకరు పిల్లల ఉయ్యాల. మధ్యాహ్నం అయ్యేసరికి నా వంటిల్లు దులిపినట్టు ఖాళీ అయింది.

ముందు గదిలో మాత్రం ఒక్క పుల్ల కదల్లేదు. ఆయన బీరువా, ఆయన బల్ల, గోడల మీది దేశపటాలు, రంగు పోయిన గ్లోబు, బళ్ళో పక్కన పడేసిన పాత నల్లబల్ల, తాళ్ళతో కట్టిన పేపర్ల కట్టలు.

"ఇవెవరికీ అక్కర్లేదా?" అని అడిగాను.

"ఇవెట్టా ఇస్తామే? ఇవన్నీ పనికొచ్చేవి," అన్నారు.

ఆయన వెటకారానికి అనలేదు. మనస్ఫూర్తిగా అన్నారు. అదే నాకు ఒళ్ళు మండించింది.

అప్పటికీ గేదె సంగతి నా చేతుల్లోనే ఉందనుకున్నాను. మా పిన్ని కూతురు గురజాలలో ఉంది. దానికి ఇద్దామని కబురు కూడా పెట్టాను. ఈలోగా కొత్త పంతులు పెళ్ళాం బిడ్డలతో బండి దిగాడు. అనుకున్న దానికంటే ముందే వచ్చారు. ఆ అమ్మాయి చంకలో పసిపిల్ల. దొడ్లోకి వచ్చి గేదెను చూసి, భయం భయంగా అడిగింది.

"ఇదేనా అత్తయ్యా మాకిచ్చే గేదె?"

నేను మా ఆయన వంక చూశాను. ఆయన చింతచెట్టు వంక చూశారు.

"పసిపిల్ల ఉందంట. పాలు కావద్దూ? నేనే మాటిచ్చా," అన్నారు చివరికి.

ఆ గేదెను దూడప్పటి నుంచి పెంచింది నేను. కుడితి పెట్టింది నేను. ఈనేటప్పుడు పక్కన కూర్చుంది నేను. ఆయన ఏనాడూ దాని పలుపు పట్టుకున్న పాపాన పోలేదు. ఆ మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. ఎదురుగా ఆ పిల్ల, దాని చంకలో పిల్ల. మింగేసి ఊరుకున్నాను.

సామాను బండితో మా ఆయన ముందు పేటకు బయల్దేరారు. ఆ అమ్మాయికి పాలు పితకడం నేర్పించి రమ్మని నన్ను వెనక ఉంచారు. బస్తీలో పుట్టి పెరిగిన పిల్ల. పాలు చెంబుతో గుమ్మంలోకి రావడం తప్ప పొదుగు ముట్టుకుని ఎరగదు. గేదె కూడా దాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఆ పిల్ల కూర్చోగానే కాళ్ళు విసరడం, తోకతో మొహం మీద కొట్టడం. దూడను వదిలినా పాలు చేపేది కాదు, బిగబట్టుకుని నిలబడేది. నేను పోయి చెయ్యి వేస్తే గిన్నె నిండేది.

రెండో రోజు ఆ పిల్ల గిన్నె పక్కన పడేసి ఏడ్చింది. "దీనికి నేనంటే పడదు అత్తయ్యా. మాకొద్దు. మీరే తీసుకుపోండి."

తీసుకుపోవడానికి ఎక్కడుంది నాకు చోటు? ఆ ఏడుపు చూస్తే జాలి, మా ఆయన్ని తలుచుకుంటే కోపం, రెండూ కలిసి నాకు ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి నేను రోజూ పాలు పితికేటప్పుడు కట్టుకునే పాత నీలం చీర తెచ్చి ఇచ్చాను.

"ఇది కట్టుకో. కొంగు తల మీదుగా కప్పుకో. మాట్లాడకుండా కూర్చో."

అట్లాగే చేసింది. గేదె మెడ తిప్పి చీర వాసన చూసింది. ఒక్కసారి బుస్సుమని ఊపిరి వదిలి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. కాసేపటికి గిన్నెలో పాలధార చప్పుడు వినిపించింది. ఆ పిల్ల కొంగులోంచి నా వంక చూసి నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. ఇన్నాళ్ళూ అది నన్ను గుర్తుపడుతుందనుకున్నాను. అది గుర్తుపట్టేది నా చీరను. పని అయినందుకు సంతోషించాల్సింది పోయి లోపలికి వెళ్ళి బట్టలు మూట కట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్నే రెంటచింతల స్టేషన్లో రైలెక్కాను. యుద్ధం రోజులు కదా, పెట్టెలో కాలు పెట్టే సందు లేదు. ఒక సిపాయి లేచి చోటిచ్చాడు గనుక కూర్చున్నాను. దారంతా పేటలో ఏది ఎక్కడ సర్దుకోవాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను. అంత ఆలోచించే అవసరమే లేకపోయింది.

ఆ రెండు గదులూ నేననుకున్న దాంట్లో సగం లేవు. ముందు గదిలో బీరువా, బల్ల, నల్లబల్ల, గోడలకు పటాలు. వెనక గదిలో కిటికీకి అడ్డంగా పేపర్ల కట్టలు కప్పుదాకా పేర్చారు. మంచం గుమ్మంలో పట్టలేదంట, బయట ఎండలో నిలబెట్టారు. పొయ్యి పెట్టుకోవడానికి మూలన జానెడు చోటు మిగిలింది.

"గాలి బాగా వస్తుందన్నారుగా?"

"కట్టలు తీస్తే వస్తుంది."

"మరి తియ్యరే?"

"తీసి ఎక్కడ పెట్టమంటావు?"

మంచం చివరికి అమ్ముకోవాల్సి వచ్చింది. ఇద్దరం నేల మీద పక్కలేసుకున్నాం. పొద్దున లేవాలంటే మోకాళ్ళు పట్టేసేవి.

అదొక్కటే అయితే ఓర్చుకుందును. పల్లెలో ఆయన పొద్దున బడికి పోతే సాయంత్రానికి గానీ ఇల్లు చేరేవారు కాదు. పగలంతా ఇల్లు నాది. ఇక్కడ పొద్దస్తమానం ఎదురుగానే ఉంటారు. పేపరు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదవడం, అది అయ్యాక నా వంక చూడటం. "ఉల్లిపాయలు అంత సన్నగా ఎందుకు తరుగుతావు?" "బియ్యం అన్నిసార్లు కడగాలా?" కాపురం చేసిన ఇన్నేళ్ళలో ఆయన నా వంటపని చూసింది అప్పుడే.

దాంతో విసుగెత్తి ఆయనకూ కాలక్షేపం కావాల్సి వచ్చింది. చుట్టుపక్కల పిల్లల్ని పోగేసి ముందు గదిలో ప్రైవేటు మొదలుపెట్టారు. నూతికి పోవాలంటే నేను ఆ గదిలోంచే పోవాలి. పాఠం జరుగుతుంటే రావద్దన్నారు. వస్తే పిల్లల ధ్యాస చెదురుతుందంట.

ఒక రోజు పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, కడవలో చుక్క నీళ్ళు లేవు. అవతల ఎక్కాలు అయిపోతాయేమోనని చూశాను. ఎక్కాలు అయ్యాయి, భూగోళం అందుకున్నారు. ఇక లాభం లేదని కడవ తీసుకొని పిల్లల మధ్యలోంచి నడిచాను.

"ఏమే! పాఠం చెబుతుంటే కనపడటంలా?"

"కనపడతంది. నీళ్ళు లేవు, అది మీకు కనపడటంలా?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆయన మొహం ఎర్రబడింది. నేను ఆగలేదు. నూతి దగ్గరికి పోయి కడవ అక్కడే దించి, ఇంటావిడ చావిట్లో పోయి కూర్చున్నాను. అన్నం మాడితే మాడనీ అనుకున్నాను.

ఇంటావిడ సాయిబుల ఆవిడ. భర్త జట్కా తోలేవాడట, పోయి చానాకాలమైంది. ఆమె బొంతలు కుట్టుకొని బతికేది. నన్ను చెల్లే అని పిలిచేది. నా వాలకం చూసి సూది పక్కన పెట్టింది.

"ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు నేనడిగినా చెల్లే, అమ్మగారికి చూపించవా అని. ఆమెకు నేనెట్టా చెబితే అట్టాగే అన్నాడు మీ ఆయన."

"అట్టా అన్నారా?"

"ఆ మాటే అన్నాడు."

అన్ని నెలలుగా మింగుకుంటూ వచ్చినదంతా అప్పుడు కళ్ళల్లోంచి వచ్చింది. ఆమె ఓదార్చలేదు, ఊరుకోమనలేదు. ఏడవడం అయ్యేదాకా ఆగి, లేచి నన్ను దొడ్డి చివరికి తీసుకుపోయింది. అక్కడ జట్కా పెట్టుకునే పాక ఉంది. విరిగిన చక్రం ఒకటి, ఎండుగడ్డి, సాలెగూళ్ళు.

"పిల్లల్ని ఇక్కడ కూచోబెట్టమను. నాకేం ఇవ్వొద్దు. నా మనవడికి కూడా నాలుగక్షరాలు చెబితే చాలు."

ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి పాక ఊడ్చాం, పేడ తెచ్చి అలికాం. సాయంత్రం ఆయన్ని పిలిచి చూపించాను.

"గుర్రప్పాకలో పాఠాలా? జనం ఏమనుకుంటారు?" అన్నారు.

"నేను నీళ్ళు లేకుండా వంట చేస్తున్నానని ఎవరన్నా ఏమన్నా అనుకున్నారా? నల్లబల్ల, బీరువా, పేపర్లు రేపటికల్లా ఇక్కడికి రావాలి. రాకపోతే నేను గురజాల పోతా. రైలు ఎక్కడం నాకూ వచ్చు."

నేను అట్లా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. చాలాసేపు పాకలో అటూ ఇటూ తిరిగారు. కప్పు చూశారు, గోడ తట్టి చూశారు. "నల్లబల్లకు వెలుతురు ఇటు నుంచి పడాలి," అన్నారు. ఆయన ఒప్పుకోవడం అంతే.

మర్నాడు సామాను పాకలోకి పోయింది. కిటికీ తెరుచుకుంది. ఆయన మాట నిజమే, గాలి బాగానే వచ్చింది. ఆ మధ్యాహ్నం ఖాళీ గదిలో బండల మీద కొంగు పరుచుకొని పడుకున్నాను, చల్లగా ఉంది. కానీ హాయిగా నిద్ర పట్టిందని చెప్పలేను. ఇన్ని తిప్పలు పడితే గానీ నాకు ఒక గది దక్కలేదు కదా అన్న ఉడుకు పోలేదు.

అది చానాకాలం పోలేదు కూడా. స్వతంత్రం వచ్చిన తరవాత ఒక రోజు పేపరు చదువుతూ ఆయన అన్నారు, "పేటకొచ్చి మంచి పనే చేశాం కదా?"

"మనం రాలేదు. మీరొచ్చారు, నన్ను తెచ్చారు."

ఆయన పేపరు దించి నా వంక చూశారు. ఆ తరవాత నుంచి మాత్రం ఆయనలో ఒక మార్పు వచ్చింది. ఏ చిన్న పనికైనా నన్ను అడగడం మొదలుపెట్టారు. బజారుకు పోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చి, వంకాయలు తెల్లవి తేనా, నల్లవి తేనా అని గుమ్మంలో నిలబడి అడిగేవారు. చేతులు పిండిలో ఉన్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నా, జవాబు చెప్పేదాకా కదిలేవారు కాదు. ఏవో ఒకటి తెండి అంటే, "అట్టా కాదు, నువ్వే చెప్పాలి," అనేవారు. అదొక విసుగు.