స్టాంపు వేసి మరీ అమ్ముకున్న ఓట్లు

ముందే చెప్పేస్తున్నాను: ఇది పూర్తయ్యేసరికి నా పరువు మిగలదు. అది పన్నెండు మంది విద్యార్థుల ఎదుట, ఒక కార్పొరేటర్ ఆఫీసులో, నా సొంత చేతిరాత వల్లే పోయింది. దొంగతనం చేసి రసీదు రాసిచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? లేకపోతే ఇదిగో, నన్ను చూడండి.

అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ రాసేవాళ్లకి పాలిటీ చెప్పేదాన్ని. అవినీతి పాఠం వచ్చిందంటే నాకు పూనకమే. "ఓటు అమ్ముకున్నవాడికి నాయకుణ్ణి ప్రశ్నించే హక్కు లేదు!" అని బల్ల గుద్దితే చాక్‌పీసులు ఎగిరి ముందు వరుస ఒళ్లో పడేవి.

ఇల్లు ఎల్‌బీ నగర్‌లో, నాలుగో అంతస్తు. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఏడాదిలో ఆరు నెలలు చెడిపోయి ఉండేది, మిగతా ఆరు నెలలు చెడిపోవడానికి సిద్ధమవుతూ ఉండేది. అసోసియేషన్ సెక్రటరీ పదవి ఎవరికీ అక్కర్లేక నా నెత్తిన పెట్టారు. ప్రెసిడెంటు యాదగిరి గారిది నల్గొండ వైపు, లారీల వ్యాపారం.

కార్పొరేటర్ ఎన్నికలొచ్చాయి. మా వార్డులో జంగన్న నిలబడ్డాడు. ఒక సాయంత్రం రెండు సంచుల కూరగాయలతో మెట్లెక్కి, మూడో అంతస్తులో కొలిమి తిత్తిలా రొప్పుతుంటే యాదగిరి గారు ఎదురొచ్చారు.

"మేడం, జంగన్న మనుషులొచ్చిన్రు. అపార్ట్‌మెంటుకు ఏం గావాలె అని అడుగుతున్రు. పక్క బిల్డింగోళ్లు బోరు ఏపిచ్చుకున్నరు."

"ఛీ ఛీ! ఓట్లు అమ్ముకుంటామాండీ?"

"అమ్ముడేంది మేడం? మీ ఇంటికా, నా ఇంటికా? లిఫ్టు అందరిది గద!"

ఆ మాటకి నా బుర్రలో ఒక మహా సిద్ధాంతం పుట్టింది. ఒక్కడు పుచ్చుకుంటే లంచం. అందరూ కలిసి పుచ్చుకుంటే సంక్షేమం! సంచులు కింద పెట్టి మరీ ఒప్పుకున్నాను.

"అయితే పద్ధతిగా అడుగుదాం. నోటిమాట వద్దు, రాసిద్దాం."

"రాసుడెందుకు మేడం?" అన్నారాయన అనుమానంగా.

"రేపు మాట తప్పితే?"

ఇక చూసుకోండి నా ప్రతాపం. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద, ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీన్నర రాశాను. కింద సంతకం, పక్కనే గుండ్రటి స్టాంపు. స్టాంపు సరిగా పడలేదని రెండోసారి కూడా వేశాను.

జంగన్న గెలిచాడు. లిఫ్ట్‌కి కొత్త మోటారొచ్చింది. మేమంతా మహారాజుల్లా పైకీ కిందికీ తిరిగాం.

తర్వాత వానాకాలం వచ్చింది. వీధిలో కొత్తగా వేసిన డ్రైనేజీ మొదటి వానకే పొంగింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో సుశీలమ్మ గారని, బ్లౌజులు కుట్టి బతికే ఆవిడ ఉండేవారు. మురుగు తిన్నగా ఆవిడ గదిలోకి వచ్చింది. ఎవరిదో పెళ్లి బట్టలు నెత్తిన పెట్టుకుని, మోకాళ్లోతు నీళ్లలో నిలబడి ఏడుస్తుంటే చూసి నా రక్తం మరిగింది.

మర్నాడే క్లాసులో ప్రకటించాను. "ఆదివారం ప్రాక్టికల్స్! పౌరుడు ప్రజాప్రతినిధిని ఎలా నిలదీయాలో చూపిస్తాను."

పన్నెండు మంది నోటుబుక్కులతో సహా మెట్రో ఎక్కి వచ్చారు. సుశీలమ్మ గారినీ వెంటబెట్టుకుని జంగన్న ఆఫీసుకి వెళ్లాం.

"రాండ్రి మేడం, కూసోండ్రి. చాయ్ తాగుతరా?"

"చాయ్ కోసం రాలేదండీ, జవాబు కోసం వచ్చాం!" అన్నాను. వెనక పెన్నులు కదిలిన చప్పుడు. ఆహా, ఎంత హాయిగా ఉందో! "ఆరు నెలలు కూడా కాని డ్రైనేజీ ఇలా ఎందుకయింది? పైపులు అంత సన్నగా ఎందుకున్నాయి? కాంట్రాక్టర్ని మీరెందుకు అడగరు?"

జంగన్న కోప్పడలేదు. అదే నా కొంప ముంచింది. నవ్వుతూ సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉంది.

"మేడం, ఓట్లప్పుడు మస్తు మంది అడుగుతరు. అందరు నోటితోనే అడుగుతరు. స్టాంపు గుద్ది అడిగింది నా జిందగీల మీరొక్కరే. గందుకే దాసుకున్న." ముందున్న స్వప్న అనే నా విద్యార్థిని చేతిలో పెట్టాడు. "జర చదువమ్మా."

"వద్దు!" అన్నాను. కానీ స్వప్న అప్పటికే గొంతు సవరించుకుంది. గట్టిగా, స్పష్టంగా చదవమని నేర్పింది నేనేగా!

"'గౌరవనీయులైన జంగన్న గారికి. మా అపార్ట్‌మెంట్‌లోని అరవై రెండు ఓట్లు ఏకగ్రీవంగా తమకే. ఇందుకు ప్రతిగా లిఫ్ట్‌కి కొత్త మోటారు కోరుచున్నాము. లోపల అద్దం కూడా పెట్టించినచో మహిళా ఓటర్లు మరింత సంతోషింతురు. ఇట్లు, ప్రజాస్వామ్య విధేయురాలు...'"

నా పేరు దగ్గర పాపం గొంతు తగ్గించింది. అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

"గీ కాగితంల డ్రైనేజీ ముచ్చట యాడన్న ఉన్నదా?" అన్నాడు జంగన్న. "ఇంకో మాట జెప్తా. మోటరు నా ఇంట్లకెల్లి తెచ్చిన అనుకున్నరా? గా డ్రైనేజీ కాంట్రాక్టరే పెట్టిచ్చిండు. ఇప్పుడు పైపులు సన్నగున్నయని ఏ మొఖం పెట్టుకొని అడగాలె? మీరే చెప్పుండ్రి."

మొఖం సంగతి నాకేం తెలుసు? నా మొఖం ఎక్కడ పెట్టుకోవాలో నాకే తెలియలేదు. అంతలో సుశీలమ్మ గారు నెమ్మదిగా అన్నారు: "నేను కిందనే ఉంట గద బిడ్డా. గా లిఫ్టు నేను ఎన్నడు ఎక్కలే."

ఆవిడ తిట్టినా బాగుండేది.

ఆ వారమే మళ్లీ ఉత్తరం రాశాను, ఈసారి మున్సిపల్ ఆఫీసుకి. మోటారు మేమే అడిగామని మొదటి వాక్యంలోనే ఒప్పుకుని, పైపులు మార్చమని అడిగాం. యాదగిరి గారు గంటసేపు గొణిగి సంతకం పెట్టారు. నెలల తరబడి తిరిగితే పైపులు మారాయి. ఆలోగా సుశీలమ్మ గారి కుట్టు మిషను మా హాల్లోనే ఉంది.

అసలు పరీక్ష మాత్రం అంతకుముందే, జంగన్న ఆఫీసుకెళ్లిన మర్నాడు సోమవారం క్లాసులో ఎదురైంది. నిండిన గది. అందరి పెదాల మీదా ఆపుకుంటున్న నవ్వు. బల్ల గుద్దే ధైర్యం లేక మెల్లిగా అన్నాను: "నిన్న నా బండారం కొందరు చూశారు, మిగతావాళ్లు విన్నారు. ఇప్పుడు నిజం చెప్పండి. ఇంతవరకూ ఓటు కోసం ఏమీ తీసుకోని ఇల్లు ఎవరిదైనా ఉంటే చెయ్యెత్తండి."

నవ్వులు ఆగిపోయాయి. అందరూ ఫ్యాన్ల వంక చూశారు. చివరికి వెనక బెంచీలో సత్తయ్య ఒక్కడు చెయ్యెత్తాడు. ముప్పై అయిదేళ్ల మనిషి, నాలుగోసారి గ్రూప్స్ రాస్తున్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. "నిలబడండి సత్తయ్య గారూ! అందరూ చప్పట్లు కొట్టండి! ఎందుకు తీసుకోలేదో మీరే చెప్పండి."

సత్తయ్య ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"పంచెటోళ్లు మా ఇల్లు మర్సిపోయిన్రు మేడం. మా నాయిన ఇప్పటికి గరం మీదనే ఉన్నడు."

ఆ గది సాక్షిగా, కుడిచెయ్యి చాచి ప్రతిజ్ఞ చేశాను: ఓటుకి బదులుగా నా కోసం గానీ, నలుగురి కోసం గానీ, సంక్షేమమని పేరు పెట్టి గానీ, గుండుసూది కూడా పుచ్చుకోను. ఇది నా ఒక్కదాని ప్రతిజ్ఞ. సత్తయ్య వాళ్ల నాన్నగారి తరఫున మాత్రం నేను హామీ ఇవ్వలేను.