చల్లారాకే చుక్క

నాచారంలో పంపులు చేసే ఆ షెడ్డులో శాంతయ్యంత నిదానస్తుడు ఇంకొకడు లేడు. లేతు యంత్రం మీంచి దించిన షాఫ్టును, పంపులో తిరిగే ఆ ఇరుసును, వెంటనే కొలిచేవాడు కాదు. వేడి మీద ఇనుము కాస్త ఉబ్బి ఉంటుంది. అప్పుడు సరిపోయిన కొలత చల్లారాక తగ్గుతుంది. ఆ కాస్త తేడాకే షాఫ్టు వదులై, అదిరి, పదేళ్ళు తిరగాల్సిన పంపు ఏడాదికే మూలపడుతుంది. అందుకని నీడన బల్ల మీద పెట్టి, చల్లారాకే కొలిచి, సరిగ్గా ఉంటే కొన మీద పంచ్‌తో చిన్న చుక్క కొట్టేవాడు.

పక్క లేతు గోపయ్యకు అదో వేడుక. "ఏందన్నా, అప్పడాలు ఆరబెడుతున్నవా?"

"నవ్వుర నవ్వు. తొమ్మిదేండ్ల సంది నా సుక్క ఒక్కటన్న మరమ్మతుకొచ్చిందా?"

రాలేదు మరి. ఉప్పల్‌లో ఇంటికెళ్ళి భార్య రూతుకూ ఇదే చెప్పేవాడు. పాపం, ఆమె ప్రతిసారీ కొత్తగా విన్నట్టే వినేది.

డెబ్బై నాలుగు ఎండాకాలంలో ఓ దవాఖానా బావి పంపు నాలుగు నెలలకే షాఫ్టు వదులై ఆగిపోయి వెనక్కి వచ్చింది. షాఫ్టు ఎవరు చేశారో రాసిపెట్టే అలవాటు అక్కడ లేదు. దుడుకువాడని పేరున్నది గోపయ్యకే కాబట్టి మేనేజరు జనార్దనరావు అతని మీదే విరుచుకుపడ్డాడు. "రేపట్నుంచి నువ్వు పనిలోకి రావద్దు!"

నలుగురు పిల్లల తండ్రి గోపయ్య లేతు ఆపేసి సామాన్లు సర్దుకోసాగాడు.

అవతల పంపు విప్పి షాఫ్టు తుడుస్తున్న శాంతయ్య వేలికి కొన మీద చుక్క తగిలింది. క్రిస్మస్ ముందు రోజు చర్చిలో డోలక్ వాయించాలన్న తొందరలో చివరి షాఫ్టును వేడి మీదే కొలిచాడు. ఇది అదే. ఆకురాయితో నాలుగు గీట్లు గీస్తే చుక్క పోతుంది, తొమ్మిదేళ్ళ పేరు నిలుస్తుంది. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాడు కూడా. గోపయ్య ముఖం చూసి కింద పడేశాడు.

"సార్, గిది నాది. గీ సుక్క నేను గొట్టిందే. పండుగ తొందరల వేడి మీదనే కొలిచిన. గోపయ్య తప్పేం లేదు."

మేనేజరు ఆ చుక్కను వేలితో తడిమి చూశాడు. గోపయ్యను లేతు దగ్గరికి పొమ్మని, శాంతయ్యను వారం రోజులు రావద్దన్నాడు.

వారం గడిచి వచ్చేసరికి నీడన బల్ల మీద షాఫ్టులు వరుసగా ఉన్నాయి. శాంతయ్యవి కావు. గోపయ్య పంచ్ పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.

"అన్నా, నేను రెండు సుక్కలు వెట్టుకుంట. నీయి నాయి కలవొద్దు గద."

శాంతయ్య చివరి షాఫ్టు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఇంక వేడిగనే ఉన్నది. జర ఆగురా."